బిళ్ళ మీద ముఖం ఎవరిది?



1438లో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి ఎనిమిదో జాన్ క్రైస్తవ మహాసభ కోసం ఇటలీలోని ఫెరారాకు వచ్చాడు. పిసనెల్లో అనే చిత్రకారుడు ఆయన ముఖాన్ని గుండ్రటి లోహపు బిళ్ళ మీద పోతపోశాడు. పునరుజ్జీవన కాలపు పతకాల చరిత్రను మామూలుగా ఇక్కడి నుంచే మొదలుపెడతారు. ముందువైపు పక్కకు తిరిగిన ముఖం, చుట్టూ పేరు, బిరుదు. వెనకవైపు ఆ మనిషి తనను ఎలా చూడాలనుకుంటున్నాడో చెప్పే బొమ్మ. 1444లో ఫెరారా ప్రభువు లియోనెల్లో పెళ్లి పతకం వెనక సింహం ఉంటుంది. ఆయన పేరుకు అర్థం చిన్న సింహం.

ఈ పతకం సంతలో చెల్లదు. స్నేహితులకు, తోటి ప్రభువులకు కానుకగా పంపేవాళ్ళు. నేనున్నాను, నన్ను గుర్తుపెట్టుకోండి అని చెప్పడమే దాని పని. పిసనెల్లో తన పేరు కూడా దాని మీద వేసుకున్నాడు. చేతిపనివాడు చక్రవర్తి పక్కన సంతకం పెట్టగలిగాడు.

మరి మన దగ్గర? బిళ్ళ బంట్రోతు అనే మాట మీకు తెలుసు. భుజం మీదుగా డవాలు, దానికి ఇత్తడి బిళ్ళ. ఆ బిళ్ళ మీద ఉన్నది కచేరీ పేరు, మోసేవాడి పేరు కాదు. ఒక లోహం ప్రభువుకు ముఖం ఇచ్చింది, ఇంకో లోహం నౌకరు ముఖాన్ని కప్పేసింది.

మన సాహిత్యంలో పతకం లాంటిది గండపెండేరం. కృష్ణదేవరాయలు పెద్దన కాలికి స్వయంగా తొడిగాడని కథ చెప్పుకుంటాం. అది రాజు కవికి చేసిన మర్యాద. జాషువా కాలికి చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి తొడిగారు. బంగారం మాట పక్కన పెట్టండి. అంటరానివాడన్న మనిషి పాదాన్ని ఒక బ్రాహ్మణ మహాపండితుడు నిండు సభలో తాకాడు. ఆ గండపెండేరం విలువ అక్కడుంది.

1990లో అంబేద్కర్ శతజయంతికి ప్రభుత్వం ఆయన ముఖంతో రూపాయి నాణెం తెచ్చింది. భారతరత్న ఇచ్చిందీ ఆ ఏడాదే. ఆయన పోయి అప్పటికి 34 ఏళ్ళు. రాజ్యం ఆలస్యంగా గుర్తించింది. వాడల జనం అంతకు చాలా ముందే గుర్తించారు. చందాలేసుకుని విగ్రహాలు నిలబెట్టారు, చొక్కాలకు ఆయన బొమ్మ బిళ్ళలు పెట్టుకున్నారు.

మా జూలూరుపాడు వైపు పిల్లలు పట్నం కాలేజీలకు పోతున్నారు. ఆ బిళ్ళ తీసేయమని, అది కులం గుర్తని వాళ్ళతో అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇంటిపేరు వినగానే కులం లెక్కగట్టే చోట, గుర్తు లేనిది ఎవరికి? ఇటలీ ప్రభువు తన ముఖం తానే పోతపోయించుకున్నాడు. మన పిల్లలు పెట్టుకునేది తమ ముఖం కాదు, తమకు ముఖం ఇచ్చినవాడిది. దాన్ని తీయాల్సిన పని లేదు.

ఒక్క మాట మాత్రం విద్యార్థి మిత్రులకు. పతకానికి రెండు వైపులుంటాయి. మన బిళ్ళ వెనక ఇప్పుడున్నది పిన్నీసు ఒక్కటే. అక్కడ ఏం రాయాలో ఆయన చెప్పే పోయాడు: చదువు, పోరాటం, సంఘం. ఆ వైపు ఖాళీగా ఉంటే ముందున్న ముఖం కూడా అలంకారమే అవుతుంది.