ఒక పూట కూలి దగ్గర పుట్టిన ఆట

మా ఆలంపూర్ వైపు చెడుగుడు ఆడాలంటే మైదానం అక్కర్లేదు. కోత అయిపోయిన చేనుంటే చాలు, లేదంటే తుంగభద్ర ఒడ్డున కాస్త ఇసుక మేట. బూడిదతో నడిమి గీత గీసి, చొక్కాలు విప్పి గట్టు మీద పడేస్తే ఆట మొదలైనట్టే. నేను చదువుకునే రోజుల్లో మా జట్టులో పట్టు పడితే వదలనివాడు ఒకడుండేవాడు. కూతకు వచ్చినవాడి చీలమండ వాడి చేతికి చిక్కిందా, ఇక కూత ఆగిపోవాల్సిందే. దసరా ముందర పక్క ఊరితో పందెం వేసుకున్నాం. సరిగ్గా ఆ రోజే వాడు రాలేదు. సీడు పత్తి చేలో క్రాసింగ్ పనికి పోయాడు. పిలుచుకొద్దామని ఇంటికి పోతే వాళ్ల నాయన గడపలోంచే అడిగాడు: "ఆటకొస్తే ఇయ్యాల్టి కూలి నువ్విస్తవా బిడ్డా?" నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు ఓడిపోయి వచ్చాం.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఇదే ప్రశ్న దగ్గర ఇంగ్లండులో ఒక ఆట రెండుగా చీలిందని. చీలి వేరుపడిన ఆట పేరు రగ్బీ లీగ్.

చీలకముందు ఉన్న రగ్బీకి మన దేశంతో చుట్టరికం ఉంది. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో తెల్లదొరలు ఇంగ్లండు ఒకవైపు, స్కాట్లాండు, ఐర్లాండు, వేల్స్ మరోవైపు నిలబడి ఆడారు. మరుసటి ఏడాది క్లబ్బు పెట్టారు. నాలుగైదేళ్లకే ఆ క్లబ్బు పలచబడింది. మూసేసేటప్పుడు బ్యాంకులో మిగిలిన 270 వెండి రూపాయలను కరగబోసి ఒక కప్పు చేయించి ఇంగ్లండుకు పంపారు. పిడులుగా మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. ఇంగ్లండు, స్కాట్లాండు జట్లు ఈనాటికీ ఆడుతున్న కలకత్తా కప్పు అదే. మిగిలిన డబ్బును కరగబోసి కప్పు చేయించగల స్తోమతున్న వాళ్ల ఆట అది.

ఇంగ్లండు ఉత్తరాన మాత్రం ఆ ఆట ఆడేది వేరే జనం. యార్క్‌షైర్, లాంకషైర్‌లలో బొగ్గు గనుల్లో దిగేవాళ్లు, నూలు మిల్లుల్లో నిలబడేవాళ్లు, రేవుల్లో మూటలు మోసేవాళ్లు. వాళ్లకు శనివారం కూడా సగం పూట పని ఉండేది. ఆట శనివారం మధ్యాహ్నం. పక్క ఊళ్లో మ్యాచ్ ఉంటే పొద్దున్నే రైలెక్కాలి, అంటే ఆ పూట కూలి పోయినట్టే. ఎముక విరిగితే నెల కూలి పోయినట్టు. వేల మంది టికెట్లు కొని చూస్తున్నారు, క్లబ్బు పెట్టె నిండుతోంది, ఆడినవాడి ఇంట్లో మాత్రం ఆ వారం పొయ్యి మీదకు తక్కువ. పోయిన పూటకు కూలి కట్టివ్వండి చాలు, అన్నాయి ఉత్తరాది క్లబ్బులు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు బ్రోకెన్ టైమ్. మన మాటలో చెప్పాలంటే పని చెడిన పూట.

1893 సెప్టెంబరులో లండన్ హోటల్లో సభ జరిగింది. యార్క్‌షైర్ వాళ్లు తీర్మానం పెట్టారు. డబ్బు ముట్టకుండా ఆడటమే పెద్దమనిషి తరహా అని దక్షిణాది వాళ్లు అడ్డం తిరిగారు. ఓట్లు లెక్కపెడితే కూలి ఇవ్వాలన్న వాళ్లు 136, కూడదన్న వాళ్లు 282. రెండేళ్లు గుద్దులాట నడిచింది. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఇరవైకి పైగా క్లబ్బులు కూర్చుని, మా దారి మాదేనని నార్తర్న్ యూనియన్ పెట్టుకున్నాయి. పని చెడిన పూటకు రోజుకు 6 షిల్లింగుల వరకు ఇవ్వొచ్చని రాసుకున్నారు. తిరుగుబాటు మొత్తం ఆ 6 షిల్లింగుల కోసమే. తొలి ఏడాది విజేత మానింగమ్, బ్రాడ్‌ఫర్డ్ మిల్లుపేట జట్టు.

తమాషా ఏమిటంటే, ఈ తిరగబడ్డవాళ్లూ ఆటనే వృత్తి చేసుకోమని అనలేదు. 1898లో ఆటగాడికి జీతం ఇవ్వడానికి ఒప్పుకుంటూనే, వాడికి బయట ఒక సరైన పని ఉండి తీరాలని షరతు పెట్టారు. బిలియర్డ్స్ బల్ల దగ్గర పాయింట్లు లెక్కపెట్టే కొలువు పనికింద చెల్లదట! సోమరిపోతులకు ఆటలో చోటు లేదన్నమాట. కూలివాడి ఆత్మగౌరవం, కూలివాడి మీద అనుమానం రెండూ ఆ ఒక్క నిబంధనలో కనిపిస్తాయి నాకు. 1905లో దాన్ని ఎత్తేశారు.

టికెట్ కొన్నవాడు విసుక్కోకూడదు కాబట్టి ఆట స్వరూపమూ మారింది. 1906లో జట్టుకు 15 మంది బదులు 13 మందిని చేశారు. పాత రగ్బీలో బంతి పట్టుకున్నవాడిని పడేస్తే ఇరుపక్షాలూ మీదపడి కుమ్ములాట. ఇక్కడ ఆ గోల తీసేశారు. పట్టుబడినవాడు లేచి నిలబడతాడు, బంతిని నేల మీద పెట్టి మడమతో వెనక్కి తోస్తాడు, వెనక ఉన్నవాడు అందుకుని మళ్లీ ఉరుకుతాడు. అలా ఎన్నిసార్లయినా చేస్తూ పోతే అవతలి జట్టుకు బంతే దొరకడం లేదని 1966లో నాలుగు పట్లకే కట్టడి చేశారు, 1972లో ఆరుకు పెంచారు. ఆరో పట్టు పడిందంటే బంతి అవతలి జట్టుది. ఇది తెలిశాక నాకు ఆ ఆట పరాయిదనిపించలేదు. చేతిలో బంతి లేకపోవడమే తేడా, చెడుగుడులోనూ ఒకడు గీత దాటి వస్తే ఏడుగురు కాచుకుని ఉంటారు. మనవాడు పట్టుబడితే అవుటై బయటికి పోతాడు. అక్కడివాడికి ఇంకో ఐదు అవకాశాలుంటాయి.

అంతర్జాతీయ మ్యాచ్ అన్నది మొదటిసారి 1904 ఏప్రిల్‌లో విగన్‌లో జరిగింది. ఇంగ్లండుకు ఎదురుగా నిలబెట్టడానికి ఇంకో దేశమే లేదు. దాంతో ఇంగ్లండువాళ్లు కాని వాళ్లందరినీ పోగుచేసి ‘ఇతర జాతులు’ అని పేరు పెట్టారు. జట్టుకు పన్నెండు మందితో ఆడారు. ఇతర జాతులు 9, ఇంగ్లండు 3.

ఈ ఆటను సముద్రాలు దాటించినవాడు ఆల్బర్ట్ బాస్కర్‌విల్ అనే న్యూజిలాండ్ పోస్టాఫీసు గుమాస్తా. 1907లో జట్టు కట్టి ఇంగ్లండుకు బయల్దేరదీశాడు. డబ్బు తీసుకునే జట్టు కదా, సిడ్నీ పత్రికలు న్యూజిలాండ్ పాత రగ్బీ జట్టుకున్న ‘ఆల్ బ్లాక్స్’ పేరును మెలిపెట్టి ‘ఆల్ గోల్డ్స్’ అని వెక్కిరించాయి. ఆ పేరే నిలిచిపోయింది. దారిలో సిడ్నీలో డాలీ మెసెంజర్ అనే మేటి ఆటగాడు వాళ్లతో కలిశాడు. తిరుగు ప్రయాణంలో బ్రిస్బేన్‌లో న్యుమోనియా వచ్చి బాస్కర్‌విల్ 1908 మే నెలలో చనిపోయాడు. అప్పటికి ఇరవై అయిదేళ్లు. ఆస్ట్రేలియాలోనూ కథ అదే. అలెక్స్ బర్డన్ అనే మంగలి ఆటలో దెబ్బ తగిలి పనికి పోలేకపోతే, వైద్యం ఖర్చుకూ పోయిన కూలికీ ఎవరూ పైసా ఇవ్వలేదు. ఆ కోపంతోనే 1907 ఆగస్టులో సిడ్నీలో లీగ్ పెట్టుకున్నారు. దానికి కోశాధికారి ఎవరనుకున్నారు? క్రికెట్ వీరుడు విక్టర్ ట్రంపర్.

పాత వీరగాథల్లో ఒకటి మాత్రం చెప్పుకోవాలి. 1914 జులైలో సిడ్నీలో బ్రిటన్ జట్టుకు దెబ్బల మీద దెబ్బలు తగిలి మైదానంలో పది మందే మిగిలారు. మార్చి దింపడానికి మనిషి లేడు, నిబంధన ఒప్పుకోదు. కెప్టెన్ హెరాల్డ్ వాగ్‌స్టాఫ్ ఆ పది మందినీ గోడలా నిలబెట్టాడు. అందులో ఒకడు బంతిని కాలితో ఫుట్‌బాల్‌లా తన్నుకుంటూ పోయి ట్రై చేశాడు, అంటే అవతలి చివరి గీత దాటి బంతిని నేలకు ఆనించాడు. 14–6తో గెలిచారు.

ప్రపంచ కప్పు ఆలోచన ఫ్రాన్సుది, పాల్ బారియేర్ అనే ఆయనది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీకి తలొగ్గిన విషీ సర్కారు అక్కడ రగ్బీ లీగ్‌ను నిషేధించి ఆస్తులన్నీ లాక్కుంది. అలాంటి దేశంలోనే 1954లో నాలుగు జట్లతో మొదటి కప్పు జరిగింది. పేరున్నవాళ్లు చాలామంది రాలేదు కాబట్టి బ్రిటన్ మీద ఎవరికీ ఆశల్లేవు. ఫైనల్లో ఫ్రాన్సును 16–12తో ఓడించి గెలిచింది ఆ జట్టే. ఆ కప్పును 1970లో బ్రాడ్‌ఫర్డ్ హోటల్లో ఎవరో దొంగిలించారు. ఇరవై ఏళ్ల తర్వాత అదే ఊళ్లో చెత్త పారబోసే చోట దొరికింది! ఇప్పటికి పదహారు సార్లు పోటీ జరిగితే ఆస్ట్రేలియా 12, బ్రిటన్ 3, న్యూజిలాండ్ 1 గెలిచాయి. ఆస్ట్రేలియా తరఫున డారెన్ లాకియర్ ఆడిన 59 టెస్టులు ఆ దేశపు రికార్డు. 2017 కప్పులో వాలెంటైన్ హోమ్స్ క్వార్టర్ ఫైనల్లో ఐదు, సెమీఫైనల్లో ఆరు ట్రైలు చేశాడు.

అంకెల కన్నా నన్ను పట్టి నిలిపింది మనుషులు. బిల్లీ బోస్టన్ కార్డిఫ్ రేవుపేటలో పుట్టాడు, తండ్రిది ఆఫ్రికాలోని సియెర్రా లియోన్. 1954లో పందొమ్మిదేళ్లకే బ్రిటన్ జట్టుతో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పర్యటనకు వెళ్లి 36 ట్రైలు చేశాడు. అంతకు ముందు తరంలో రాయ్ ఫ్రాన్సిస్ 1947లో బ్రిటన్‌కు ఆడిన తొలి నల్లజాతివాడు. తరువాతి తరంలో క్లైవ్ సల్లివాన్. చిన్నప్పుడు కాళ్లకు ఆపరేషన్లు చేయించుకున్న కుర్రాడు. 1972లో బ్రిటన్‌కు ప్రపంచ కప్పు కెప్టెన్ అయ్యాడు. ఏ ఆటలోనైనా బ్రిటన్ జాతీయ జట్టును నడిపిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఫైనల్, ఆస్ట్రేలియా ముందంజలో ఉంది. బంతి అందుకుని దాదాపు మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కడే పరుగెత్తి ట్రై చేశాడు. ఆట 10–10తో ఆగింది, అదనపు సమయంలోనూ తేలలేదు. లీగ్ దశలో పైన ఉన్నందుకు కప్పు బ్రిటన్‌కు ఇచ్చారు. హల్ నగరంలోకి పోయే పెద్ద రోడ్డుకు ఇప్పుడాయన పేరే.

కూలి కోసం పుట్టిన ఆట కాబట్టి వలస వచ్చినవాడిని నీది ఏ ఊరని అడగలేదు అనాలనిపిస్తుంది. కానీ అదంతా నిజం కాదు. 1946 ఆస్ట్రేలియా పర్యటనకు రాయ్ ఫ్రాన్సిస్‌ను రంగు చూసే వదిలేశారు. ఆ మచ్చ కూడా చరిత్రలో భాగమే. లెబనాన్ నుంచి సిడ్నీకి వలస వచ్చిన ఇంటి పిల్లవాడు హజెమ్ ఎల్ మస్రీ 1999లో మొరాకో మీద ఒక్క మ్యాచ్‌లో 48 పాయింట్లు చేశాడు. అదీ ఈ ఆట పుస్తకంలోని లెక్కే.

మన తెలుగువాళ్ల నీడ పడే చోటు ఒకటుంది, ఫిజీ. 1903 నుంచి మద్రాసు ఓడల్లో దక్షిణాది వాళ్లను అక్కడి చెరకు తోటలకు గిర్మిట్ అనే కూలి ఒప్పందం కింద తీసుకుపోయారు. విశాఖపట్నం వైపు తెలుగువాళ్లూ వాళ్లలో ఉన్నారు. తోటలు ఎక్కువగా సిడ్నీ చక్కెర కంపెనీవి. ఒప్పందం ప్రకారం మగమనిషికి రోజుకు ఒక షిల్లింగు, ఆడమనిషికి 9 పెన్నీలు. షిల్లింగుకు 12 పెన్నీలు. యార్క్‌షైర్ గని కూలీ ఒక రోజు పోయినందుకు 6 షిల్లింగులు అడిగి కొత్త ఆటే పెట్టుకున్న కాలంలో, మన కూలీకి రోజంతా నరికితే ఒక్క షిల్లింగు. మా పాలమూరులో గుంపుమేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ముల్లె కట్టుకుని పోయిన కుటుంబాలను చూసినవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

ఫిజీలో ఆ కూలీల పిల్లలు ఫుట్‌బాల్ పట్టారు, స్థానిక ఫిజియన్లు రగ్బీ పట్టారు. ఒకే దీవిలో రెండు ఆటలు, రెండు జాతులు. ఫిజీ రగ్బీ లీగ్ జట్టును ‘బాతి’ అంటారు, యోధుడని అర్థం. మ్యాచ్‌కు ముందు వలయంగా నిలబడి చర్చి పాట పాడుతుంటే స్టేడియం గప్‌చుప్. 2017 ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్లో న్యూజిలాండ్‌ను వాళ్ల సొంతగడ్డ వెల్లింగ్టన్‌లోనే 4–2తో ఓడించారు. ఎనభై నిమిషాల్లో ఒక్క ట్రై కూడా లేదు, పెనాల్టీ గోల్స్ మాత్రమే. మన చెడుగుడు భాషలో పట్టు జట్టు గెలిచిన మ్యాచ్ అది. సమోవా ఇంకా ఒక మెట్టు ఎక్కి 2022లో ఫైనల్‌కు వచ్చి, ఆస్ట్రేలియా చేతిలో 30–10తో ఓడింది.

ఇంత పెద్ద ఆట ఇక్కడికి ఎందుకు రాలేదంటే, మనల్ని ఏలడానికి వచ్చినవాళ్లు బొగ్గు గనుల నుంచి రాలేదు. దొరలు ఏ ఆట తెచ్చారో అదే మనకు అంటింది. లాంకషైర్ మిల్లు బట్ట మన సంతల దాకా వచ్చింది, ఆ మిల్లువాడి ఆట రాలేదు.

2025 జూన్‌లో బిల్లీ బోస్టన్‌కు తొంభై ఏళ్ల వయసులో ‘సర్’ బిరుదు ఇచ్చారు. జార్జ్ హోటల్ సభ జరిగి 130 ఏళ్లు కావొస్తుంటే, రగ్బీ లీగ్ ఆటగాడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

అదే జూన్‌లో ముంబయిలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో ‘హైదరాబాద్ హీరోస్’ అనే జట్టు ఆడింది. పేరులో లీగ్ ఉందని పొరబడకండి, అది ఏడుగురితో ఆడే ఆ మొదటి రగ్బీ. ఇకమీదట టీవీలో రగ్బీ కనిపిస్తే ఛానల్ మార్చే ముందు ఒక్క నిమిషం ఆగండి. పట్టుబడినవాడు లేచి నిలబడి మడమతో బంతి వెనక్కి తోశాడా చూడండి. తోస్తే పట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టండి. ఆరు.