మరచెయ్యి లేని జాలిమ్

ఇండియానా జోన్స్ మొదటి సినిమా ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ చూసినవాళ్ళకి టోట్ యాదుంటాడు. గెస్టాపో మనిషి. నల్ల తోలు కోటు, టోపీ, కళ్ళద్దాలు, చెమట పట్టిన మొహం. గొంతు పెంచడు, పరిగెత్తడు. 1981లో వచ్చిన సినిమా అది. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, కానీ ఖౌఫ్ పుట్టేది మాత్రం ఎప్పుడూ ఈయన్ని చూసే.

ఈ శకల్ మొదటి నుంచీ అనుకున్నది కాదు. 1978 జనవరిలో జార్జ్ లూకస్, స్టీవెన్ స్పీల్‌బర్గ్, రచయిత లారెన్స్ కాస్డన్ లాస్ ఏంజిలిస్‌లో కొన్ని రోజులు కూర్చుని కిస్సా అల్లారు. ఆ తర్వాతి తయారీలో స్పీల్‌బర్గ్‌కి ఒక ఖయాల్ వచ్చింది. ఈ నాజీకి ఒక చెయ్యి మరచెయ్యి అయితే? అందులోంచి మంటలు చిమ్మితే? లూకస్ ఒప్పుకోలేదు. అలా చేస్తే కథ వేరే జాతిలోకి పోతుందన్నాడు. ఆయన చెప్పింది సినిమా జాతుల హిసాబు మాత్రమే. నాకు ఆ ‘వద్దు’లో ఇంకా పెద్ద సంగతి కనిపిస్తుంది.

మరచెయ్యి విలన్ కొత్తవాడేం కాదు. 1927 నాటి ‘మెట్రోపోలిస్’లో రోట్‌వాంగ్‌కి ఉంది. జేమ్స్ బాండ్ మొదటి సినిమాలో డాక్టర్ నోకి రెండు చేతులూ లోహమే. ‘ఎంటర్ ది డ్రాగన్’లో హాన్ అయితే చెయ్యి విప్పి ఇంకోటి తగిలించుకుంటాడు. అవయవం పోయినవాడి దిల్ కూడా పోయినట్టే అని సినిమా ఎప్పుడో తీర్పు రాసేసింది. మన దగ్గర ఒంటికన్ను, కుంటికాలు, బుగ్గ మీద కత్తిగాటు ఇదే పని చేశాయి. కొన్నేళ్ళపాటు కంటికి సుర్మా, తలకి టోపీ, మెడలో తావీజ్ కూడా చేశాయి. తెర మీద ఆ మనిషి నోరు తెరవకముందే హాల్లో అందరికీ తెలిసిపోయేది. మాకు కాస్త ముందే తెలిసేది.

టోట్ దగ్గరికి వద్దాం. మరచెయ్యి పోయింది, దాని జాగాలో ఏమొచ్చింది? రోనాల్డ్ లేసీ వచ్చాడు. పాత నటుడు పీటర్ లోరీని యాద్ చేస్తున్నాడని స్పీల్‌బర్గ్ ఆయన్ని ఎంచుకున్నాడు. గుడారం సీన్ చూడండి. టోట్ లోపలికి వచ్చి, గొలుసులతో వేలాడే ఒక ఇనుప వస్తువు బయటికి తీస్తాడు. మారియన్ వణుకుతుంది, మనమూ వణుకుతాం. దాన్ని మడిచి, తిప్పి, కోటు తగిలించే హ్యాంగర్ చేస్తాడు. కోటు విప్పి తీరిగ్గా తగిలిస్తాడు. అది స్పీల్‌బర్గ్ అంతకు ముందు తీసిన ‘1941’ సినిమాలో వాడకుండా మిగిలిపోయిన చమత్కారం. అంటే ఒక పనికిరాని ఖయాల్‌ని పారేసి, ఇంకో పారేసిన ఖయాల్‌ని తెచ్చుకున్నారు. బేరం బాగుంది! దఫ్తర్‌కి వచ్చిన గుమాస్తాలాగా కోటు తగిలించి, ఇక పని మొదలుపెడతాడన్నమాట. ఏ మంటల చెయ్యి అంత భయపెడుతుంది?

చెయ్యి మాత్రం పూర్తిగా పోలేదు. నేపాల్ సరాయిలో కాలిపోతున్న బిళ్ళని ఆశతో పట్టుకుంటాడు, అరచేతిలో దాని గుర్తు అచ్చు పడుతుంది. ఆ అచ్చులో ఉన్నది ఒక్క వైపు రాతే కాబట్టి జర్మన్లు కర్ర పొడవు తప్పు లెక్క కట్టి, తప్పు జాగాలో తవ్వుతారు. ఈ మచ్చ పుట్టుకతో వచ్చింది కాదు, లాలచ్‌తో తెచ్చుకున్నది. నాకు తేడా అక్కడే ఉంది.

ఇప్పుడు అసలు తారీఖ్‌లోకి రండి. జర్మన్ అఫ్సర్, ఒక కన్ను లేదు, కుడిచెయ్యి లేదు, ఎడమచేతికి మిగిలినవి మూడు వేళ్ళు. సినిమా బొమ్మలేసేవాడికి వర్ణిస్తే వెంటనే విలన్ని గీసి ఇస్తాడు. ఆయన పేరు స్టౌఫెన్‌బర్గ్. 1943లో ట్యునీషియా జంగ్‌లో ఒళ్ళు అలా అయింది. 1944 జులై 20న ఆ మూడు వేళ్ళతోనే బాంబు సిద్ధం చేసి హిట్లర్ బల్ల కింద పెట్టి వచ్చాడు. హిట్లర్ బతికాడు, స్టౌఫెన్‌బర్గ్‌ని ఆ రాత్రే కాల్చేశారు. ఏళ్ళ తరబడి అదే ఫౌజులో పనిచేసినవాడే, ఫరిష్తా అనను.

గోబెల్స్ కాలు వంకర కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. కానీ జుల్మ్ చేసింది ఆ కాలు కాదు, మైకు ముందున్న నోరు.

మరి లక్షలమందిని చావుకి పంపిన హిమ్లర్ ఎలా ఉండేవాడు? వ్యవసాయం చదివాడు, కొన్నాళ్ళు కోళ్ళు పెంచాడు. కళ్ళద్దాలు, చిన్న మీసం, ముందర కాగితాల కట్ట. 1935లో ఆయనే ‘అనెనెర్బె’ అనే సంస్థ పెట్టించాడు, ఆర్యుల పూర్వీకుల జాడ వెతకడానికి. ఇండియానా జోన్స్ సినిమాల్లోని తవ్వకాల నాజీలకి హకీకత్‌లో దగ్గరివాళ్ళు వీళ్ళే. 1938లో ఆయన అండతో టిబెట్ వెళ్ళిన జర్మన్ బృందం అక్కడి మనుషుల తలలు, మొహాలు కొలిచింది. శకల్ చూసి మనిషి విలువ తేల్చే ఆ ఇల్మ్ వాళ్ళది. మరచెయ్యి నాజీని గీసి ఉంటే, నాజీల కొలబద్దతోనే నాజీని కొలిచినట్టయ్యేది.

ఈ సిరీస్ ప్రతిసారీ ఇంత హుషారుగా లేదు. 1984 నాటి రెండో సినిమాలో మన అమ్రీష్ పురీకి గుండు గీయించి, తల మీద కొమ్ములు, పుర్రె పెట్టారు. కథ చదివిన మన హుకూమత్ ఇజాజత్ ఇవ్వకపోతే శ్రీలంక వెళ్ళి తీశారు. అదే పురీకి 1991లో ‘ఆదిత్య 369’లో మన సింగీతం శ్రీనివాసరావు గారు పురాతన వస్తువులు దొంగిలించే షరీఫ్ వేషం ఇచ్చారు. కొమ్ములు లేవు, ఖౌఫ్ తగ్గలేదు.

ఇక ఆ మరచెయ్యి మొండిది. మూడో సినిమా కోసం క్రిస్ కొలంబస్ రాసిన కథలో ఒక నాజీ సార్జంట్‌కి మళ్ళీ మొలిచింది. ఆ కథనూ పక్కన పెట్టేశారు. 1989లో వచ్చిన ‘లాస్ట్ క్రుసేడ్’లో బెర్లిన్ సీను ఉంటుంది, పుస్తకాలు తగలబడుతుంటాయి. అక్కడ హిమ్లర్‌గా ఒక్క క్షణం కనిపించేది రోనాల్డ్ లేసీయే. ఈసారి చూసినప్పుడు హిట్లర్ని వదిలేసి, ఆ కళ్ళద్దాల మనిషి మీద నజర్ పెట్టండి.