ఎముకలు కాపాడిన పట్టు, నిప్పు మింగిన పట్టు

సాలార్‌జంగ్ మ్యూజియం చూడబోయిన వారు సాధారణంగా గంటలు కొట్టే గడియారం ముందు గుమిగూడి, మేలిముసుగు రెబెక్కాను చూసి ఇంటిముఖం పడతారు. పాత నేతవస్త్రాల దగ్గర నిలబడేవారు తక్కువ. అయితే పాతబస్తీలో దశాబ్దాల తరబడి ఉద్యోగాలు చేసిన మనకు ఆ బట్టలు బొత్తిగా కొత్తవి కావు. పత్తర్‌గట్టి దుకాణాల్లో పెళ్ళిబట్టల బేరాలు చూసినవారమే, పెద్దింటి పెళ్ళిళ్ళలో హిమ్రూ షేర్వానీలు చూసినవారమే. ఆ నేతల వెనుక ఉన్న ఒక మతసంబంధమైన చిక్కును గురించి నాలుగు మాటలు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఇస్లాం సంప్రదాయంలో పురుషులకు అచ్చమైన పట్టు కూడదు. స్త్రీలకు ఆక్షేపణ లేదు. పురుషుల బట్టకు అంచుగా రెండు మూడు వేళ్ళ వెడల్పు, మహా అయితే నాలుగు వేళ్ళ వెడల్పు పట్టు ఉండవచ్చునని హదీసు చెబుతుంది. మరి పట్టు మీద మోజు ఉన్న నవాబులు ఏం చేయాలి? దారి చూపించినవాడు సాలెవాడు. పడుగు పట్టుదారం, పేక నూలుదారం పెట్టి, పడుగు పోగు నాలుగైదు పేకల మీదుగా దాటిపోయేటట్లు నేశాడు. పైకి పట్టు మిలమిలలాడుతుంది, ఒంటికి తగిలేది మాత్రం నూలే. దానికి మష్రూ అని పేరు. షరియత్ అనుమతించినదని అర్థం. హిమ్రూ దీనికి దాయాది. కింఖాబుకు దీటుగా, అంత ఖరీదు లేకుండా, నూలూ పట్టూ కలిపి నేసినది. నిజాం రాజ్యంలో దీనికి పుట్టినిల్లు ఔరంగాబాదు.

పట్టు విషయంలో ఇటువంటి పేచీ అంతకు కొన్ని శతాబ్దాల ముందే క్రైస్తవులకూ వచ్చింది. అప్పట్లో రోము సామ్రాజ్యానికి పట్టు చీనా నుంచి పర్షియా మీదుగా వచ్చేది. జస్టీనియన్ చక్రవర్తి కాలంలో, సుమారు 552లో, కొందరు సన్యాసులు పట్టుపురుగు గుడ్లను రహస్యంగా తెచ్చిన తరువాతగాని అక్కడ పురుగుల పెంపకం మొదలుకాలేదు. ఆ సరుకు ఎంత ప్రియమో ఊహించుకోవచ్చు.

క్రీ.శ. 400 ప్రాంతంలో, ఇప్పటి టర్కీలోని అమాసియా పట్టణానికి ఆస్టీరియస్ అనే బిషప్ ఉండేవాడు. సంపన్న క్రైస్తవులు ఏసు మహిమలను బట్టల మీద నేయించుకుని తిరగడం చూసి ఆయనకు ఒళ్ళు మండింది. కానా పెళ్ళి, మంచం ఎత్తుకుని నడిచిన పక్షవాత రోగి, చూపు వచ్చిన గుడ్డివాడు, సమాధి నుంచి లేచిన లాజరు, ఇవన్నీ ఉత్తరీయాల మీదికెక్కాయి. అలా నేయించుకుంటే దేవుడు సంతోషిస్తాడని వారి నమ్మకం. ఆయన బోధ సారాంశం ఏమిటంటే, ఆ బట్టలు అమ్మి ఆ డబ్బు పెట్టి బతికున్న రోగులను చూడండి అని. మాట న్యాయమైనదే. కాని ఆనాటి బట్టల మీద ఏ బొమ్మలుండేవో మనకు తెలిసింది కూడా ఆ తిట్ల పుణ్యమే!

తరువాతి తరాల వారు ఆయన మాట విన్నట్లు లేదు. రోమునగరంలోని లాటరన్ ప్రార్థనామందిరంలో పవిత్రావశేషాల పెట్టెలను 20వ శతాబ్ది ఆరంభంలో తెరిచినప్పుడు అపురూపమైన పట్టుముక్కలు బయటపడ్డాయి. ఎర్రటి బట్ట మీద పూల అంచు చక్రాలు, ఒకదానిలో మరియమ్మకు దేవదూత చెప్పిన శుభవార్త, ఇంకొకదానిలో ఏసు జననం. ఇవి సుమారు 8, 9 శతాబ్దాల నాటివి, ఇప్పుడు వాటికన్ మ్యూజియంలో ఉన్నాయి. మన మష్రూలో పడుగు పైకి కనబడితే, ఈ రకం నేతలో పేకే పైకి వచ్చి రంగురంగుల బొమ్మ కడుతుంది.

ఇంతకాలం ఆ పట్టు నిలవడానికి కారణం దాన్ని ఎవరూ కట్టుకోకపోవడమే. మహాత్ముల ఎముకలకు చుట్టి పెట్టెలో భద్రపరిచారు. ఈజిప్టులోనైతే పొడి ఇసుక సమాధులు ఆ పని చేశాయి. చిత్రమేమంటే, ఎముకలకు చుట్టే పట్టు ఏ మతం వారు నేసినదైనా చర్చి అభ్యంతరపెట్టలేదు. ఫ్రాన్సులో సెయింట్ జోస్ అస్థికలకు చుట్టిన పట్టు 10వ శతాబ్దిలో ఖురాసాన్ ప్రాంతపు ముస్లిం అధిపతి కోసం నేసినది. దాని మీద ఏనుగుల బొమ్మలూ, ఆయనకు శుభం కోరే అరబ్బీ అక్షరాలూ ఉన్నాయి. ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

మన దగ్గర అలా కాదు. కట్టుకున్నాం, చించుకున్నాం, చెమటకూ చెదలకూ వదిలాం. వీటన్నిటినీ మించినది జరీ వ్యాపారం. "పాత జరీ కొంటాం" అనే కేక వినని వీధి మన కాలంలో ఉండేదా? పట్టుదారానికి వెండితీగ చుట్టి బంగారు పూత పూస్తే జరీ. బట్టను కాల్చితే పట్టు బూడిదై వెండి మిగులుతుంది. ఎంతో నేర్పుతో నేసిన పని అణాపైసల తూకానికి అలా పోయింది. అమ్మినవారిని తప్పుపట్టలేం. ఆడపిల్ల పెళ్ళికో, ఆస్పత్రి ఖర్చుకో అమ్ముకున్నవారే ఎక్కువ. ఆస్టీరియస్ ఉంటే మెచ్చుకునేవాడేమో!

పాత బట్ట పోయినా పనితనం పోకుండా చూసినవారు సురయ్యా హసన్ బోస్ (1928–2021). 'జైహింద్' నినాదాన్ని అందించిన ఆబిద్ హసన్ సఫ్రానీ ఈమెకు పినతండ్రి, నేతాజీ అన్నకొడుకు అరవింద్ బోస్ భర్త. హైదరాబాదులో, దర్గా హుస్సేన్‌షావలీ దగ్గర, మగ్గాలు పెట్టి, భర్తలు పోయిన స్త్రీలకు హిమ్రూ, మష్రూ నేతలు నేర్పించారు. కొత్తగా నేయడానికి ఆమెకు పాత ముక్కలే పాఠ్యపుస్తకాలు.

అందుచేత సభ్యమిత్రులకు ఒక మనవి. మీ పెట్టెల్లో అమ్మమ్మల నాటి హిమ్రూ ముక్క గాని, జరీ చీర గాని ఉంటే ఉతికిన పాత నూలుపంచెలో చుట్టి ఉంచండి. ఆరునెలలకొకసారి మడత మార్చండి, లేకపోతే మడత మీదనే చిరుగుతుంది. కలరా ఉండలు జరీకి తగలనీయకండి, నల్లబడుతుంది.