నకలుంటేనే నిలిచేది: మెకంజీ కైఫియత్తులు, మన ఫైళ్లు

2020 మే 20న ఆంఫాన్ తుఫాను కోల్‌కతాను కుదిపేసింది. పుస్తకాల అంగళ్లకు పేరుపొందిన కాలేజీ స్ట్రీట్‌లో పుస్తకాలు వాన నీటిలో తేలాయి. అచ్చయిన పుస్తకానికి మరో ప్రతి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. మన చేతిరాత నోట్సు, కుటుంబ ఫోటోలు అలా దొరకవు. వాటిని కాపాడుకోవడం ఎలా? ఈ ప్రశ్నకు జవాబు, కోల్‌కతాతో ముడిపడిన మన తెలుగు చరిత్ర ఘట్టంలోనే ఉంది.

కాలిన్ మెకంజీ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు. 1783లో మద్రాసుకు వచ్చాడు. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఆయనకు అండగా నిలిచారు. బొర్రయ్య 1803లో మరణించగా లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. వీరు, వీరితో పనిచేసిన పండితులు ఊరూరా తిరిగి, కరణాల దగ్గరి దండకవిలెలు చూసి, శాసనాలు ఎత్తి రాసి, పెద్దలను అడిగి గ్రామ చరిత్రలు సేకరించారు. వాటినే కైఫియత్తులు అంటాం.

1815లో మెకంజీ భారతదేశ సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1817లో కలకత్తా చేరాడు. సేకరించిన రాతప్రతులూ ఆయన వెంట వెళ్లాయి. 1821లో ఆయన చనిపోయాడు. సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో సమాధి చేశారు. మరి ఆ కాగితాల గతి ఏమిటి? కంపెనీ వాటిని ఆయన భార్య దగ్గర కొన్నది. ఏషియాటిక్ సొసైటీకి చెందిన హెచ్.హెచ్. విల్సన్ 1828లో కలకత్తాలో వాటి జాబితాను అచ్చువేశాడు. కొంత భాగం లండన్‌కు, దక్షిణాది భాషల రాతప్రతులు మద్రాసుకు చేరాయి.

మద్రాసు చేరినంత మాత్రాన అవి క్షేమంగా లేవు. సిరా వెలిసిపోసాగింది, కాగితం శిథిలం కాసాగింది. 1830లలో విలియం టేలర్ వాటిని పరిశీలించి, చెడిపోతున్న కొన్నింటిని తిరిగి రాయించాడు. సి.పి. బ్రౌన్ అనేక కైఫియత్తులకు నకళ్లు తయారు చేయించాడు. ఈనాడు మన గ్రామాల చరిత్ర రాసేవారికి ఆ సంపుటాలు ముఖ్యమైన ఆధారాలు.

దీన్నిబట్టి మనం గ్రహించవలసిన విషయాలు మూడు. నకలు ఒక్కచోటే ఉండకూడదు. ఏది ఎక్కడుందో జాబితా ఉండాలి. చదవడానికి వీలుగా ఉందో లేదో అప్పుడప్పుడు చూస్తుండాలి. నేడు కంప్యూటర్ నిపుణులు చెప్పే 3-2-1 సూత్రం కూడా ఇంచుమించు ఇదే: 3 ప్రతులు, 2 రకాల సాధనాలు, 1 ప్రతి వేరే చోట.

ఆ వేరే చోటు ఇప్పుడు ఇంటర్నెట్‌లో అద్దెకు దొరుకుతోంది. దీన్నే ఆన్‌లైన్ బ్యాకప్ అంటున్నాం. తక్కువ ఖర్చులో దాన్ని ఎంచుకునేటప్పుడు ముందు మీ ఫైళ్లను లెక్కపెట్టండి. స్కాన్ చేసిన ఒక పేజీ సుమారు 1 మెగాబైటు అనుకుంటే, వెయ్యి పేజీలకు 1 గిగాబైటు చాలు. గూగుల్ 15 గిగాబైట్లు, మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ 5 గిగాబైట్లు ఉచితంగా ఇస్తున్నాయి. సర్టిఫికెట్లకు, నోట్సుకు ఇది సరిపోతుంది. చోటు తినేవి వీడియోలే. వాటిని హార్డ్ డిస్కులో ఎక్కించి బంధువుల ఇంట ఉంచితే నెలనెలా అద్దె తప్పుతుంది.

అయితే ఉచితమన్నది ఎల్లకాలం ఉండదు. గూగుల్ ఫోటోస్‌లో పరిమితి లేని ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ముగిసింది. రెండేళ్లపాటు వాడని ఖాతాను ఆ సంస్థ తొలగించవచ్చు కూడా. మరో చిక్కు ఉంది. ఫోన్‌తో జోడించిన నిల్వలో, ఫోన్‌లో చెరిపిన ఫైలు అక్కడా చెరిగిపోవచ్చు. అది అద్దం వంటిది, నకలు కాదు. కాబట్టి పాత ప్రతులను ఎన్ని రోజులు ఉంచుతారో, ఫైళ్లన్నీ తిరిగి తీసుకోవడానికి ఎంత ఖర్చవుతుందో డబ్బు కట్టేముందే చూసుకోండి.

పెద్ద సంస్థ కదా అని నిశ్చింతగా ఉండటమూ తగదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రం అగ్నికి ఆహుతైంది. వేరే చోట నకలు లేని ఖాతాదారులు కొందరు తమ సమాచారాన్ని శాశ్వతంగా పోగొట్టుకున్నారు.

విద్యార్థులారా! కైఫియత్తులు నిలిచింది ఖరీదైన భవనం వల్ల కాదు, వాటిని తెరిచి చూసి, చెడుతున్నాయని గుర్తించి, మళ్లీ రాయించిన మనుషుల వల్ల. మీరు ఏ సేవను ఎంచుకున్నా మూడు నెలలకోసారి అందులోంచి ఒక ఫైలును దించుకుని తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది నకలు.