బతుకమ్మలో గుమ్మడి

వరంగల్, హనుమకొండ ప్రాంతంలో బతుకమ్మ పేర్చేటప్పుడు అడుగున పరిచేది గుమ్మడాకు, కొసన నిలిపేది గుమ్మడి పువ్వు. అమెరికాలో అక్టోబరు 31న హాలోవీన్‌కు పిల్లాపెద్దా కూర్చుని గుమ్మడికాయ తొలిచి కళ్లూ నోరూ చెక్కుతారు. ఇక్కడ కాయ జోలికి పోరు, పిల్లల చేతికి కత్తి ఇచ్చే పని ఉండదు.

పండుగ భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాటి సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. 2014లో దీన్ని తెలంగాణ రాష్ట్ర పండుగగా ప్రకటించారు.

సిబ్బిలోనో తాంబాళంలోనో గుమ్మడాకులు పరిచి తంగేడు, గునుగు, బంతి, చామంతి పూలను వరసలుగా పేరుస్తారు. కాడలు లోపలికి, పూలు బయటికి. నడుమ బోలుగా మిగిలిన చోట ఆకులు, కాడల తుక్కు కూరుతారు. ఆ కూరడం గట్టిగా లేకపోతే బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. పిల్లలు ఎగబడేది గునుగు దగ్గర. తెల్లటి కంకులను గుప్పెడేసి దారంతో కట్టి, కాడలు సమంగా కత్తిరించాక, కొసలను గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగునీళ్లలో ముంచుతారు. గిన్నెలో మునిగేది పువ్వే అయినా, రంగు ఎక్కువగా అంటేది వేళ్లకే.

గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది. ఒకే తీగకు మగ పూలు, ఆడ పూలు విడివిడిగా పూస్తాయి. సన్నని పొడవాటి కాడ ఉన్నది మగది, అడుగున చిన్న పిందె ఉన్నది ఆడది. కొన్ని మగ పూలు తెంపినా కాపుకు పెద్దగా నష్టం లేదు, పిందె పువ్వు తెంపితే కాయ పోయినట్టే. బతుకమ్మపై నిలిపే గౌరమ్మను, అంటే గౌరీదేవిని, కొందరు పసుపు ముద్దతో చేస్తారు, కొందరు గుమ్మడి పువ్వు నడిమి భాగాన్నే గౌరమ్మగా కొలుస్తారు.

ఇంత ఇంటిదనిపించే ఈ తీగ పుట్టిల్లు అమెరికా ఖండం. సముద్రం దాటి యూరోపియన్ల రాకతో మన దేశానికి చేరింది, బంతి కూడా అంతే. ఎంగిలిపూల నాడు ఆడబిడ్డలు గుమిగూడే హనుమకొండ వేయిస్తంభాల గుడిని 1163లో కట్టిననాడు ఈ నేల మీద ఈ రెండు పూలూ లేవు. కొత్తగా వచ్చిన పువ్వును పండుగ నెత్తిన పెట్టుకుందన్నమాట. హాలోవీన్ కథా అలాంటిదే: ఐర్లండ్, స్కాట్లండ్‌లలో టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవారు, వలస వెళ్లినవారికి అమెరికాలో గుమ్మడి దొరికింది.

కాయకు ముఖం పెట్టే ఆచారం తెలుగునాట వేరే చోట ఉంది. కొత్త ఇంటికీ దుకాణానికీ దిష్టి తగలకుండా బూడిద గుమ్మడికాయ కడతారు, కొందరు దాని మీద కోరమీసాల రాక్షసుడి బొమ్మ వేయిస్తారు. ఈ బూడిద గుమ్మడి కూడా గుమ్మడి కుటుంబానిదే కానీ జాతి వేరు, ఆసియా పంట.

సద్దుల నాడు హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర జనం కిక్కిరిసిపోతారు. ఆడి పాడి బతుకమ్మలను నీళ్లలో వదిలాక పెరుగన్నం, నువ్వుల సద్ది, మలీద పంచుకుంటారు.