మునిగిన మా ఊరు – కొన్ని పాత ఫోటోలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని మన సంఘ కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను చరిత్రకారుణ్ణి కాను, ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళు మోసిన గుమాస్తాను అని తప్పించుకోబోయాను. "మీ ఊరు ఉంది కదండీ, దాని గురించి వ్రాయండి" అన్నారాయన. ఉంది కాదు, ఉండేది. శ్రీశైలం జలాశయం కింద 1981లో మునిగిపోయింది. ఊరి పేరు మాత్రం ఇక్కడ వ్రాయను. వ్రాస్తే నేను చెప్పబోయే మనుషులెవరో మన సభ్యులలో కొందరికి ఇట్టే తెలిసిపోతుంది.

శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూ గారు 1963లో శంకుస్థాపన చేశారు. అప్పటికి నాకు ఏడేళ్ళు. నీళ్ళు వస్తాయని పెద్దలు చెప్పుకుంటుంటే పొలాలకు కాబోలు అనుకున్నాం. అది కరెంటు కోసం మొదలైన ప్రాజెక్టు అనీ, నీళ్ళు వచ్చేది మా ఇళ్ళ మీదికనీ అర్థం కావడానికి పదిహేనేళ్ళు పట్టింది. కృష్ణకు రెండు ఒడ్డులా, అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సుమారు వంద గ్రామాలు ఖాళీ అయ్యాయి. జనం తలుపులు, దూలాలు, దంతెలు ఊడదీసుకుని బండ్లకెత్తుకున్నారు. గోడలు అక్కడే ఉండిపోయాయి.

గుళ్ళ సంగతి వేరు. చాళుక్యుల నాటి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని పురావస్తు శాఖ వారు రాయి రాయికీ అంకె వేసి, విప్పి, అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. చూడనివారు తప్పక చూడవలసినది. ఆ పనిని నేను తప్పు పట్టడం లేదు. అయితే మా ఊళ్ళో ఏ ఇంటికీ ఎవరూ బొమ్మ గీయలేదు. మా ఇళ్ళ గురించి మిగిలిన కాగితం ఒక్కటే, నష్టపరిహారం జాబితా. యజమాని పేరు, పొడవు, వెడల్పు, గోడ దేనిది, పైకప్పు దేనిది, విలువ. 1986లో 98వ నంబరు జీవో వచ్చి, ముంపు కుటుంబాలలో ఉద్యోగాలిస్తామన్నప్పుడు మా వాళ్ళు పరుగెత్తింది ఆ జాబితా నకలు కోసమే.

ఆ జాబితాకు శుద్ధ ప్రతి వ్రాసిన వారిలో నేనొకణ్ణి. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. కొలిచింది నేను కాదు, వ్రాసింది నేను. ఒక సాయంత్రం మా ఊరి మాదిగవాడ నుండి ఒకామె ఆఫీసు వరండాలోకి వచ్చి, "మాది మిద్దె సామీ, కొట్టమని రాసినారంట" అంది. మిద్దెకూ కొట్టానికీ పరిహారంలో చాలా తేడా ఉండేది. నేను చిత్తుప్రతి తీసి చూశాను. అందులో కొట్టమనే ఉంది. "జాబితాలో ఉన్నదే ఉంటుందమ్మా" అన్నాను. పై అధికారిని అడుగుతానని కూడా అనలేదు. ఆమె ఇంకో మాట మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

2014లో పదవీ విరమణ అయ్యాక, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం తప్ప వేరే పని లేక, మా ఊరి ఫోటోలు పోగుచేయడం మొదలుపెట్టాను. తిరిగి చూస్తే దొరికినవి తక్కువ. దొరికినవాటిలో ఎక్కువ భాగం స్టూడియోలో రంగుల తెర ముందు కూర్చుని తీయించుకున్న పెళ్ళి ఫోటోలు. మనుషులున్నారు, ఊరు లేదు. పైగా అవన్నీ నాలుగైదు ఇళ్ళవే. ఫోటో తీయించుకునే స్తోమత ఎవరికుందో వారి ముఖాలే మిగిలాయి. కొన్నింటిని ప్రేమకొద్దీ లామినేషన్ చేయించారు, ఆ వేడికి బొమ్మ పాడై మళ్ళీ ఊడదీయడానికి వీల్లేకుండా పోయింది. ఇంకొన్నింటి వెనుక బాల్‌పెన్నుతో పేర్లు వ్రాస్తే ఆ గీతలు ముఖాల మీదికి ఉబికాయి. మెత్తటి పెన్సిల్ మంచిది. సభ్యులు ఈ రెండు సంగతులు గుర్తుంచుకోవాలని మనవి.

ఫోటోలలో లేనిదాన్ని జ్ఞాపకాలతో పూరించాలని, పునరావాస కాలనీలో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి చార్టు మీద ఊరి పటం గీయించాను. మగవాళ్ళు చావడి దగ్గర మొదలుపెట్టి బండ్లబాట వెంట గీశారు. చావడి ముందున్నది వేపచెట్టా, చింతచెట్టా అని అరగంట తగువు. ఆడవాళ్ళు బావుల దగ్గర మొదలుపెట్టారు. ఏ బావికి ఎవరు పోవచ్చు, ఎవరు దూరంగా నిలబడి నీళ్ళు పోయించుకోవాలి అన్నది వాళ్ళు చెప్పినప్పుడు మగవాళ్ళు తలలు వంచుకున్నారు. నా దృష్టిలో ఆ పటంలో ఎక్కువ సరైన భాగం ఆడవాళ్ళు గీసినదే. రోజుకు నాలుగుసార్లు నడిచిన దారి తప్పు గీయరు కదా.

రెండేళ్ళ కిందట మా తమ్ముడి ట్రంకుపెట్టెలో ఒక ఫోటో దొరికింది. 1974 ప్రాంతంలో బడిపంతులు గారు తన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాతో తీసినది. రీలుకు పన్నెండు ఫోటోలే వచ్చే కాలం కాబట్టి ఆయన పిల్లలందరినీ ఒకే దాంట్లో ఇరికించారు. తెల్ల అంచుల చదరపు ఫోటో, అరచేతిలో పడుతుంది. మా తమ్ముడు రెండో వరుసలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. స్కాన్ చేయించి పెద్దది చేస్తే పిల్లల తలల వెనుక ఎడమ చివర ఒక ఇల్లు కనబడింది. మట్టిగోడ, పైన చదునుగా చౌడుమన్ను కప్పు, దాని మీద ఆరబోసిన ఏవో కాయలు. పటం పక్కన పెట్టుకుని చూశాను. బడికి ఆ వైపున మాదిగవాడ మొదటి ఇల్లు అదే. కొట్టం మీద కాయలు ఆరబోయరు.

రెండు రాత్రులు నిద్రపట్టలేదు. మూడో రోజు కాలనీకి వెళ్ళాను. ఆమెకు ఇప్పుడు ఎనభై దాటింది. ఫోటో చేతికిచ్చి, "పెద్దమ్మా, ఇది మీ ఇల్లేనా చూడు" అన్నాను. ఆమె వెలుతురు వైపు తిరిగి చాలాసేపు చూసింది. ఇంటిని కాదు, వరుసలో చేరకుండా పక్కన దూడను పట్టుకుని నిలబడ్డ పిల్లవాణ్ణి. "మా మరిది కొడుకు. బడికి పంపలేదు నాయనా" అంది. ఇంటి సంగతి మళ్ళీ అడిగితే, "మిద్దె అని ఆ పొద్దే చెప్తి గదా" అంది. అందులో కోపం లేదు. నాకు జవాబు దొరకలేదు.

పరిహారం ఫైలు ఎప్పుడో మూతబడింది, ఇప్పుడు తెరిచేవారు లేరు. ఆమె మనవరాలి ముందే ఫోటో వెనుక పెన్సిల్‌తో ఆ పిల్లవాడి పేరు, దూడ పేరు వ్రాశాను. దూడకు పేరుందని ఆమే చెప్పింది. దాని కింద, "ఎడమ చివరన కనబడేది మిద్దె ఇల్లు. జాబితాలో కొట్టం అని వ్రాసినది తప్పు. వ్రాసినవాణ్ణి నేనే" అని వ్రాసి, తేదీ వేసి సంతకం చేశాను. అసలు ఫోటో ఆమె ఇంట్లోనే ఉంది. నా దగ్గరున్నది నకలు.