చెయ్యిచ్చింది ఏరేనా?

మహాభారతంలో శంఖలిఖితుల కథ ఉంది. అన్న ఆశ్రమంలో అడగకుండా పండు కోసుకుతిన్న పాపానికి లిఖితుడు తానే రాజు దగ్గరికి పోయి, శిక్ష అడిగి మరీ చేతులు నరికించుకున్నాడు. అన్న చెప్పినట్టు ఏట్లో మునిగితే పోయిన చేతులు తిరిగొచ్చాయి. బాహువులిచ్చింది గనక ఆ నది బాహుద అయింది. రాజంపేట, నందలూరు వైపు ఆ కథను తమ చెయ్యేటికే చెప్పుకుంటారు. అయితే చెయ్యివ్వడం అనే మాటకు మనకు ఇంకో అర్థం కూడా ఉంది. 2021 నవంబరు 19 తెల్లవారేసరికి చెయ్యేటి పక్క పల్లెలకు గుర్తుండిపోయింది ఆ రెండో అర్థమే.

రాయచోటి వీరభద్రస్వామి గుడి దగ్గర పారే మాండవ్య నదిలో ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించేది ఇసుకే. మాండవ్య, పింఛ, బాహుద కలిస్తేనే చెయ్యేరు. ఆ నీళ్లను పట్టుకోవడానికి రాజంపేట మండలం బాదనగడ్డ దగ్గర మట్టికట్ట వేసి, ఐదు గేట్లు పెట్టారు. నిలవ సామర్థ్యం 2.23 టీఎంసీలు, ఆయకట్టు 22,500 ఎకరాలు. తాళ్లపాక దగ్గరే కాబట్టి దానికి అన్నమయ్య ప్రాజెక్టు అని పేరు పెట్టారు.

ఆ నవంబరులో బంగాళాఖాతం వాయుగుండం శేషాచలం కొండల మీద కుండపోత కురిపించింది. ముందు ఎగువన సుండుపల్లె వైపు పింఛ ప్రాజెక్టు కట్ట తెగింది. అసలే పొంగుతున్న ఏటికి ఆ నీళ్లూ తోడయ్యాయి. అన్నమయ్య స్పిల్‌వే 2.17 లక్షల క్యూసెక్కులు వదలగలదు. వచ్చిన వరద 3.20 లక్షల క్యూసెక్కులని ఆ తర్వాత ప్రభుత్వం లెక్క చెప్పింది. ఐదు గేట్లలో ఒకటి పైకి లేవనేలేదు. కాంక్రీటు డ్యామ్ మీద నుంచి నీళ్లు పొర్లితే కొంతసేపైనా ఓర్చుకుంటుంది. మట్టికట్టకు అంత ఓపిక లేదు. పొర్లిన నీరు ముందు వెనకవైపు వాలును కోస్తుంది, కోత పైకి పాకుతుంది, చిన్న గండి చూస్తుండగానే పెద్దదవుతుంది. అన్నమయ్య కట్ట అలాగే తెగింది. అది కార్తీక పౌర్ణమి పొద్దు. దీపాలు పెట్టడానికి పులపత్తూరు శివాలయానికి వచ్చినవాళ్లను వరద అక్కడే కమ్మేసింది. దారిలో ఆర్టీసీ బస్సులు చిక్కుకున్నాయి, రైలు కట్ట కొట్టుకుపోయింది. చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి 30 మందికి పైనే.

ఇదే కడప సీమలో 650 ఏళ్ల కిందటే చెరువు ఎలా ఉండాలో, ఎలా ఉండకూడదో రాతి మీద చెక్కించినవాళ్లున్నారు. విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు పోరుమామిళ్లలో కట్టించిన అనంతరాజ సాగరం శాసనం అది, 1369 నాటిది. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్కతో సహా చెబుతుంది. మంచి చెరువుకు 12 అంగాలు చెప్పి, ఆ వెంటనే ఆరు దోషాలు కూడా ఏకరువు పెట్టింది. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీళ్లు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. ఆ ఆఖరిది ఆయకట్టు గురించే అయుండొచ్చు, నేను శాసన పండితుణ్ణి కాదు. కానీ పదేపదే కరువు చూసే సీమలో కూర్చుని, నీళ్లు ఎక్కువ కావడాన్ని కూడా దోషాల్లో చేర్చిన ఆ బుర్రకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఎందుకంటే మనకు నీళ్లు దాచుకోవడం తెలిసినంతగా వదలడం తెలియదు. వానే అరుదైన చోట నిండిన చెరువు నుంచి నీళ్లు వదలమంటే ఎవరికి చేతులొస్తాయి? పాత చెరువుకు ఆ బెంగ లేకుండా మరువ ఉండేది. నీరు ఒక మట్టానికి ఎక్కితే ఎవరినీ అడగకుండా తనే పోతుంది. గేటు అలా కాదు. కరెంటు, గొలుసు, గ్రీజు ఉండాలి, అర్ధరాత్రి మీట నొక్కే మనిషీ ఉండాలి. ఆ మనిషికి తిండి పెట్టే ఏర్పాటూ వెనకటివాళ్లు చేశారు. కట్ట మరమ్మతు చూసేవాళ్లకు దశబంధం ఈనాములిచ్చారు, నీళ్లు పారించే నీరుగంటికి పంటలో మేర కొలిచారు. కట్టినప్పుడు ఇచ్చే డబ్బు వేరు, అది నిలిచి ఉండడానికి ఏటేటా పెట్టే ఖర్చు వేరు. ఈ రెండోదానికి శిలాఫలకం ఉండదు, రిబ్బను కత్తిరింపూ ఉండదు. అందుకే కాబోలు, దాన్ని అడిగే నాయకుడు కనపడడు.

కట్టడం దశాబ్దాలు నానినా, అన్నమయ్య కట్ట మరీ పాతదేం కాదు. అసలు ముసలిదాన్ని చూడాలంటే తుంగభద్ర ఉంది. ఏడు పదుల డ్యామ్. పూడిక తినేసి దాదాపు 133 టీఎంసీల సామర్థ్యం 105 దగ్గరికి దిగింది. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయింది. కర్నూలు, అనంతపురం రైతులు ఎదురుచూసిన నీళ్లు కళ్ల ముందే దిగువకు పోతుంటే, గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు నేతృత్వంలో పారే నీళ్లలోనే తాత్కాలిక గేటుగా స్టాప్‌లాగ్ దించి ఆ ఖాళీ మూశారు. పెద్ద వయసాయన్ని ఇంటి నుంచి పిలిపించుకోవలసి వచ్చిందంటే, శాసనంలో 12 అంగాల్లో నేర్పరులైన పనివాళ్లను ఎందుకు లెక్కించారో తెలుస్తుంది.

గుజరాత్‌లో మోర్బీ ఎగువన మచ్ఛు రెండో డ్యామ్ మట్టికట్ట 1979 ఆగస్టు 11న తెగింది. అక్కడా ఊహించిన దానికంటే పెద్ద వరదే, అక్కడా లేవని గేట్లే. నాలుగు దశాబ్దాల తర్వాత, చెయ్యేటి కట్ట తెగిన నెలకు డ్యామ్ భద్రత చట్టం వచ్చింది. లోక్‌సభ 2019లోనే ఆమోదించిన ఆ బిల్లు రాజ్యసభ దాటింది 2021 డిసెంబరు 2న. జాతీయ, రాష్ట్ర స్థాయిలో తనిఖీ సంస్థలు, వాన కాలానికి ముందూ వెనకా పరిశీలన, దిగువ ఊళ్లకు హెచ్చరిక ఏర్పాట్లు అందులో ఉన్నాయి.

నాలుగు నెలలకు, 2022 ఏప్రిల్ 4న, రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లా ఏర్పడింది. ఆ పేరే ఉన్న ప్రాజెక్టు అప్పటికి రెండు ముక్కలై ఉంది. దిగువన పులపత్తూరు, మందపల్లి పొలాల్లో వరద ఇసుక మేటలు వేసి పోయింది. నాగలి పట్టడానికి ముందు, ఇసుక ఎత్తిపోసి ఎవరి గట్టు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది రైతులకు.